జపాన్ యుద్ధకళల మూలాలు, సమురాయ్ పేర్లు: వంశావళులను ఎంతవరకు నమ్మవచ్చు?

1. తీరవాసి (విశాఖపట్నం)

సభ్యులందరికీ నమస్కారం. నేను చిన్నప్పటి నుంచి కరాటే సాధన చేస్తున్నాను, ఇప్పుడు మా వాడలో పిల్లలకు నేర్పుతున్నాను. మా శిక్షణశాల గోడ మీద బోధిధర్ముడి పటం ఉంటుంది. కాంచీపురం రాకుమారుడైన బోధిధర్ముడు చైనా వెళ్లి షావొలిన్ ఆశ్రమంలోని భిక్షువులకు యుద్ధవిద్య నేర్పాడనీ, ఆ విద్యే ఒకినావా మీదుగా జపాన్ చేరి కరాటే అయిందనీ కొత్తగా చేరిన ప్రతి పిల్లవాడికీ చెప్పడం ఆనవాయితీ. ఈ ఇతివృత్తంతో 2011లో ఒక తమిళ చిత్రం తెలుగులోకి కూడా అనువాదమై వచ్చిన తర్వాత, పిల్లల తల్లిదండ్రులే ఈ కథను మాకు చెబుతున్నారు. దీనికి ఆధారం ఏ కాలం నాటిదో తెలుసుకోవాలని ఉంది.

రెండో ప్రశ్న పేర్ల గురించి. పదిహేడో శతాబ్దపు జపాన్ ఖడ్గవీరుడు మియమొతో ముసాషి ఖడ్గవిద్య మీద రాసిన గ్రంథంలో మొదటి పుటలోనే తన పేరు చెప్పుకుంటాడు. అందులో ‘మియమొతో’ అన్న మాటే లేదు. ‘షిన్మెన్ ముసాషి నో కామి ఫుజివరా నో గెన్షిన్’ అని ఉంది. ఒకే మనిషికి ఇన్ని పేర్లు ఎందుకు, అందరికీ తెలిసిన పేరు మాత్రం అక్కడ ఎందుకు లేదు? రెండు ప్రశ్నల్లోనూ ఎవరో ఒకరు తాము ఫలానావారి వారసులమని చెప్పుకోవడమే కనిపిస్తోంది కనుక ఒకే చోట అడుగుతున్నాను.

2. పాతప్రతి (హైదరాబాద్)

తీరవాసి గారూ, మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను. ఇలాంటి విషయాల్లో నేను చూసే కొలమానం ఒక్కటే: సంఘటన ఎప్పుడు జరిగిందని కథ చెబుతోంది, ఆ కథ మొదటిసారి కాగితం మీదికి ఎప్పుడు వచ్చింది?

బోధిధర్ముడి గురించి దొరుకుతున్న అతి పాత ప్రస్తావన 547లో యాంగ్ షువాన్‌జీ లోయాంగ్ నగరపు బౌద్ధాలయాలను వర్ణిస్తూ రాసిన గ్రంథంలో ఉంది. అక్కడ ఆయన పశ్చిమ దేశాల నుంచి వచ్చిన పారశీక భిక్షువు, తన వయసు నూట యాభై ఏళ్లని చెప్పుకున్న వృద్ధుడు. యుంగ్‌నింగ్ ఆలయపు బంగారు శిఖరాలు ఎండలో మెరవడం చూసి, చేతులు జోడించి రోజుల తరబడి ‘నమో’ అని జపిస్తూ నిలబడ్డాడని ఆ రచయిత రాశాడు. ఆ తర్వాత తాన్‌లిన్ అనే శిష్యుడి రచనలో ఆయన దక్షిణ భారతానికి చెందిన ఒక రాజు మూడో కుమారుడు అవుతాడు. ఏడో శతాబ్దంలో దావొషువాన్ దక్షిణ భారత బ్రాహ్మణుడని రాశాడు. ఈ తొలి రచనల్లో కాంచీపురం పేరు లేదు, పల్లవుల పేరు లేదు, ఎవరికైనా పిడిగుద్దులు నేర్పినట్లు ఒక్క వాక్యమూ లేదు.

షావొలిన్ భిక్షువులు యుద్ధం చేసిన మాట నిజం. 621లో వాళ్లు, తర్వాత తాంగ్ చక్రవర్తి అయిన లీ షిమిన్ పక్షాన పోరాడిన సంగతి ఆశ్రమంలోనే ఉన్న 728 నాటి శిలాశాసనం చెబుతుంది. ఆ శాసనం కూడా వాళ్లకు విద్య నేర్పింది బోధిధర్ముడని అనదు. ఆయనను వ్యాయామంతో ముడిపెట్టిన మొదటి గ్రంథం ‘యీజిన్ జింగ్’. 628లో సేనాపతి లీ జింగ్ రాశాడంటూ దానికొక పీఠిక ఉంది కానీ, గ్రంథం పుట్టింది 1624 ప్రాంతంలో. ఆ పీఠికలో ఒక కల్పిత కథలోని పాత్రను నిజమైన మనిషిగా పేర్కొన్నారు! చింగ్ కాలపు పండితుడు లింగ్ తింగ్‌కాన్ ఈ అతుకులన్నీ అప్పుడే పట్టుకున్నాడు, 1930లో తాంగ్ హావొ మరింత వివరంగా రుజువు చేశాడు. బోధిధర్ముడికీ ఈ గ్రంథానికీ మధ్య సుమారు 1100 ఏళ్ల దూరం ఉంది.

3. వేదవతి (కాకినాడ)

పాతప్రతి గారూ, మీ వాదం స్పష్టంగానే ఉంది కానీ ఒక అభ్యంతరం చెప్పనివ్వండి. గురువు ముఖతః శిష్యుడు నేర్చుకునే విద్యలు వందల ఏళ్లపాటు రాతకు ఎక్కకుండా ఉండగలవు. మన కర్రసాము ఏ తాళపత్రం చూసి నేర్చుకున్నారు? కాగితం మీద లేదు కనుక జరగలేదు అనడం, రాతకోతలు తెలిసినవారికే చరిత్రను అప్పగించినట్లు అవుతుంది. దక్షిణ భారతం నుంచి చైనాకు భిక్షువులు వెళ్లారు, వాళ్లతో గ్రంథాలు, వైద్యం, ధ్యాన పద్ధతులు వెళ్లాయి. దేహసాధన మాత్రం ఎందుకు వెళ్లకూడదు?

4. పాతప్రతి (హైదరాబాద్)

వేదవతి గారూ, వెళ్లి ఉండవచ్చునన్న మాటను నేను కాదనడం లేదు. ఒక ఫలానా మనిషి, ఫలానా ఆశ్రమంలో, ఫలానా విద్య నేర్పాడన్న వాక్యాన్నే ప్రశ్నిస్తున్నాను. ముఖతః వచ్చిన సంప్రదాయమే అయితే షావొలిన్ వాళ్ల నోటనే అది ముందుగా వినిపించాలి. పదిహేడో శతాబ్దం తొలి ఏళ్లలో షావొలిన్‌లో చాలాకాలం ఉండి కర్రవిద్య నేర్చుకున్న చెంగ్ జొంగ్‌యో ఆ విద్య గురించి పుస్తకమే రాశాడు. ఆశ్రమంలో తాను విన్న మూలకథను కూడా అందులో పొందుపరిచాడు. ఆ కథలో కర్రవిద్యకు ఆదిగురువు కింనర దేవుడు, బోధిధర్ముడు కాడు. అంటే అప్పటికి భిక్షువులు చెప్పుకుంటున్న మౌఖిక సంప్రదాయమే వేరు.

5. సాధకురాలు (బెంగళూరు)

కరాటే విషయంలో అంత వెనక్కి వెళ్లవలసిన అవసరం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే దగ్గరి కాలంలోనే గట్టి ఆధారాలు ఉన్నాయి. 1762లో ఒక ర్యూక్యూ (ఒకినావా దీవుల రాజ్యం) నౌక తుపానుకు కొట్టుకుపోయి షికొకు ద్వీపంలోని తొసా తీరానికి చేరింది. అక్కడి అధికారులు ఆ నావికులను ప్రశ్నించి రాసుకున్న నివేదికలో, చైనా నుంచి వచ్చిన ‘కుషాంకు’ అనే వ్యక్తి ప్రదర్శించిన, ప్రత్యర్థిని పట్టు పట్టే విద్య ప్రస్తావన ఉంది. నేటికీ మనం సాధన చేసే ఒక కతాకు (నిర్ణీత కదలికల వరుసకు) ఆ పేరే ఉండటం గమనించండి. తర్వాత హిగాఓన్నా కన్ర్యో చైనాలోని ఫుజియాన్ రాష్ట్రానికి వెళ్లి నేర్చుకున్నారు. ఉఎచి కన్బున్ 1897లో అక్కడికే వెళ్లి చాలా ఏళ్లు ఉన్నారు. ఒకినావా స్థానిక విద్యలో దక్షిణ చైనా విద్య కలిసిందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇక్కడ ఇంకో కథను కూడా పక్కన పెట్టాలి. 1609లో దక్షిణ జపాన్‌లోని సత్సుమా సంస్థానపు సేన ర్యూక్యూను ఆక్రమించి ఆయుధాలు లాక్కుందనీ, నిరాయుధులైన రైతులు రాత్రిపూట రహస్యంగా కరాటేను సృష్టించుకున్నారనీ చెబుతారు. అంతకుముందే రాజు షో షిన్ ఆయుధాలను నిషేధించాడని కూడా జోడిస్తారు. షో షిన్ ఆజ్ఞకు ఆధారమని చెప్పే 1509 నాటి శాసనంలో నిజానికి కత్తులు, విల్లులు దేశరక్షణ కోసం పోగుచేశామన్న గొప్పే కనిపిస్తుందని తర్వాతి పండితులు చూపించారు. మనకు పేర్లు తెలిసిన పాత గురువుల్లో ఎక్కువమంది రాజకొలువులో పనిచేసిన పెచిన్ తరగతివారు. మత్సుమురా సోకోన్ రాజు అంగరక్షకుడు. రైతుల తిరుగుబాటు కథ వినడానికి బాగుంటుంది కాబట్టే, మా శిక్షకుల్లో చాలామంది దాన్ని వదులుకోలేకపోతున్నారు.

6. నగోయా నివాసి (జపాన్)

జూజుత్సు (ప్రత్యర్థిని పట్టి పడగొట్టే జపాన్ విద్య) మీద కూడా ఇలాంటి వివాదమే ఉంది, నాకు అది మరింత ఆసక్తికరం. మింగ్ చైనా నుంచి వచ్చిన చెన్ యువాన్‌యున్ అనే పండితుడిని జపాన్‌లో ‘చిన్ గెంపిన్’ అంటారు. 1620లలో ఎదో (నేటి టోక్యో) నగరంలోని కొకుషోజి ఆలయంలో బస చేసినప్పుడు ఫుకునో, మియురా, ఇసొగాయ్ అనే ముగ్గురు నిరుద్యోగ సమురాయ్‌లకు ఆయన చైనాలో మనుషుల్ని పట్టే విద్య ఒకటుందని చెప్పాడనీ, దాని నుంచే జూజుత్సు పుట్టిందనీ ఒక వాదం. ఈ ఫుకునో పరంపరలోనిదే కితో ర్యూ అనే సంప్రదాయం. ఎదోలోని అతాగో కొండ మీద 1779లో ఆ సంప్రదాయంవారు నిలబెట్టిన శిలాఫలకం ‘ఈ విద్య మన దేశానికి వచ్చి స్థిరపడిన చెన్ యువాన్‌యున్‌తో మొదలైంది’ అని చెబుతుంది. అంటే విదేశీ మూలాన్ని జపనీయులే, తమ సొంత సంప్రదాయం గురించే, రాతి మీద చెక్కించుకున్నారు.

ఇప్పుడు జూడో స్థాపకుడు కానో జిగొరోను చూడండి. 1882లో కొదొకాన్ స్థాపించిన ఆయన స్వయంగా కితో ర్యూ నేర్చుకున్నవారు. అయినా 1888లో లిండ్సే అనే మతగురువుతో కలిసి సమర్పించిన వ్యాసంలో, జూజుత్సు చైనా నుంచి రాలేదని, జపాన్‌లోనే పుట్టిందని వాదించారు. తాను నేర్చుకున్న సంప్రదాయపు శాసనానికి ఎదురుగా నిలబడ్డారన్నమాట. 1779లో చైనా పాండిత్యానికి గౌరవం ఎక్కువ. 1888లో జపాన్ తనదంటూ ఒక సంస్కృతిని ప్రపంచానికి చూపించాలని తపిస్తోంది. ఇద్దరి మాటల మీదా వాళ్ల కాలం నీడ ఉందని నేను అనుకుంటున్నాను. అలాగని ఇద్దరి సాక్ష్యం బరువూ ఒక్కటే అనను, ఎందుకంటే కానో పక్షాన ఇతర ఆధారాలు ఉన్నాయి.

7. తీరవాసి (విశాఖపట్నం)

ఆ ఇతర ఆధారాలు ఏమిటో చెబుతారా? తకెనౌచి ర్యూ 1532లోనే మొదలైందని చదివాను. అదే నిజమైతే చెన్ రాకకు దాదాపు తొంభై ఏళ్ల ముందే జూజుత్సు ఉన్నట్లు కదా?

8. పాతప్రతి (హైదరాబాద్)

ఆ తేదీని కూడా అదే కొలమానంతో చూద్దాం. మిమసకా ప్రాంతపు తకెనౌచి హిసమొరి ఆలయంలో దీక్షలో ఉండగా, 1532 ఆరో నెలలో ఒక పర్వతయోగి ప్రత్యక్షమై, పొడవైన ఆయుధం పనికిరాదని చెప్పి, చిన్న కత్తితోనూ తాడుతోనూ శత్రువును పట్టి కట్టే పద్ధతులు నేర్పాడన్నది ఆ కుటుంబం చెప్పుకునే కథ. ఆ యోగి అతాగో దేవుడేనని వారి నమ్మకం. చెన్ కథను కొట్టివేయడానికి దీన్ని వాడేవారు, ఇది కూడా ఆ కుటుంబ సంప్రదాయమేనని మరిచిపోతారు. కవచధారులు గుర్రాల మీంచి దొర్లి ఒకరినొకరు పట్టుకుని కలబడటాన్ని కమకురా కాలపు (1185–1333) యుద్ధగాథలే వర్ణిస్తాయి కనుక, ముగ్గురు సమురాయ్‌లకు పట్లంటే ఏమిటో 1620లలో ఒక చైనా పండితుడు మొదటిసారి చెప్పాడన్నది మాత్రం నిలవదు. ఆయన ఏదైనా నేర్పి ఉంటే అది ఉన్నదానికి చేర్పు అవుతుంది.

9. సాధకురాలు (బెంగళూరు)

విద్య ఎప్పుడూ పడమర నుంచి తూర్పుకే ప్రవహించిందని మనం అనుకోవడం కూడా సరికాదు. మింగ్ సేనాపతి చీ జిగువాంగ్ 1561లో సముద్రపు దొంగలతో జరిగిన పోరులో ఒక జపనీయ ఖడ్గవిద్యా పత్రాన్ని సంపాదించాడు. అది కగె ర్యూ అనే సంప్రదాయపు పాఠాల పట్టిక. 1621లో మావొ యువాన్‌యీ కూర్చిన సైనిక విజ్ఞానకోశంలో దాని నకలు అచ్చయింది. కత్తి పట్టిన కోతుల బొమ్మలతో పాటు జపనీయ గొలుసుకట్టు రాత అందులో ఉంది. ఆ లిపి తెలియని చైనా చెక్కుడు పనివాళ్లు దాన్ని బొమ్మలాగా అనుకరించడంతో చాలా అక్షరాలు చదవడానికి వీలుకాకుండా పోయాయి. చీ జిగువాంగ్ తన సైనికులకు పొడవైన జపనీయ తరహా కత్తిని, దాని వాడుకను నేర్పించాడు. ఈ చర్చ మొత్తంలో నాకు అన్నిటికంటే నమ్మకమైన సాక్ష్యం ఇదే, ఎందుకంటే ఇందులో శత్రువు దగ్గర నుంచి తాను నేర్చుకున్నానని ఒక సేనాపతి ఒప్పుకుంటున్నాడు. అబద్ధమాడితే అతనికి ఒరిగేదేమీ లేదు.

10. వంశవృక్షం (గుంటూరు)

ఇక పేర్ల సంగతికి వస్తాను. మనలో ఇంటిపేరు వేరు, గోత్రం వేరు. చాలా ఇంటిపేర్లు పూర్వీకుల ఊరి పేర్లే. ఊరు మారినా గోత్రం మారదు. సమురాయ్ పేరులోనూ ఈ రెండు పొరలు ఉన్నాయి, వాటితో పాటు మరికొన్ని కూడా ఉన్నాయి. జపాన్‌ను ఏలిన షోగన్ (సైనిక పాలకుడు) తొకుగవా ఇయెయాసు పూర్తి పేరు ‘తొకుగవా జిరొసబురో మినమొతో నో అసొన్ ఇయెయాసు’. ఇందులో తొకుగవా అనేది స్థలాన్ని బట్టి వచ్చిన ఇంటిపేరు, జిరొసబురో నలుగురూ పిలిచే పేరు, మినమొతో ప్రాచీన వంశం, అసొన్ ఆ వంశానికి రాజసభలో ఉన్న హోదా, ఇయెయాసు అసలు పేరు. అసలు పేరుతో పెద్దవారిని ముఖాముఖి పిలవడం అమర్యాద. టీవీ నాటకాల్లో యుద్ధప్రభువు ఓదా నొబునాగాను సేవకులు ‘నొబునాగా సామా’ (నొబునాగా గారూ) అని పిలవడం ఇప్పటి ప్రేక్షకుల సౌకర్యం కోసమే.

అసలు పేరులోని ఒక అక్షరాన్ని ప్రభువు తన అనుచరుడికి బహుమానంగా ఇచ్చేవాడు. ఇయెయాసు చిన్ననాటి పేరు తకెచియో. 1555లో పెద్దవాడైన వేడుకలో, తనను బందీగా ఉంచుకున్న ఇమగవా యొషిమొతో పేరులోని ‘మొతో’ స్వీకరించి మొతొనొబు అయ్యాడు, తర్వాత మొతొయాసు అయ్యాడు. 1560లో ఒకెహజామా యుద్ధంలో యొషిమొతో హతమయ్యాక, 1563లో ఆ ‘మొతో’ను విడిచి ఇయెయాసు అయ్యాడు. ఇమగవా ఇంటితో తెగతెంపులయ్యాయని లోకానికి చాటడానికి ఈ ఒక్క అక్షరం చాలు. మరో యుద్ధప్రభువు ఉఎసుగి కెన్షిన్ జీవితం మరీ స్పష్టం. నగావొ కగెతొరాగా ఉన్నవాడు 1561లో ఉఎసుగి నొరిమసా వారసుడై మసతొరా అయ్యాడు, అదే ఏడాది చివర షోగన్ యొషితెరు నుంచి అక్షరం పొంది తెరుతొరా అయ్యాడు, ఆపైన బౌద్ధ దీక్షతో కెన్షిన్ అయ్యాడు. ఈ పేర్ల వరుస తెలిస్తే ఒక ఉత్తరంలోని సంతకాన్ని బట్టే అది ఏ కాలంలో రాసిందో చెప్పవచ్చు.

11. వేదవతి (కాకినాడ)

వంశవృక్షం గారూ, గోత్రంతో పోల్చారు కాబట్టి అడుగుతున్నాను. ఇయెయాసు నిజంగా మినమొతో వంశస్థుడేనా? ఆ వంశంవారే షోగన్ కాగలరన్న నియమం వల్లే ఆయన అలా చెప్పుకున్నాడని విన్నాను.

12. వంశవృక్షం (గుంటూరు)

ఆ నియమమే ఒక అపోహ అండి. కమకురా పాలనలో మినమొతో పరంపర 1219లో ఆగిపోయాక, 1226లో ఫుజివరా వంశపు బాలుడు యొరిత్సునె, 1252లో చక్రవర్తి కుమారుడు మునెతకా షోగన్లయ్యారు. కాబట్టి, వంశం సరిపోలేదు కనుకనే, ఇయెయాసుకు ముందు జపాన్‌ను ఏలిన హిదెయోషి షోగన్ కాలేదన్న ప్రచారం కూడా తొందరపాటే.

మీరు అడిగిన పోలికలో ఒక ముఖ్యమైన తేడా ఉంది: సమురాయ్‌లు వంశాన్ని కూడా మార్చుకోగలిగారు. 1566 చివర్లో ఇయెయాసు మత్సుదైరా అన్న ఇంటిపేరును తొకుగవాగా మార్చుకోవడానికి, రాజసభలో పదవి పొందడానికి అనుమతి కోరాడు. పూర్వోదాహరణ లేదని చక్రవర్తి మొదట నిరాకరించాడు. ఆ తర్వాత ఏం జరిగిందో మధ్యవర్తిత్వం నెరపిన కొనొయె సకిహిసా 1602లో తన కుమారుడికి రాసిన ఉత్తరంలో చెప్పాడు. యొషిదా కనెమిగి అనే ఆలయాధికారి ఒక కులీన గృహంలో పాత పత్రం ఒకటి కనుగొని, దగ్గరున్న చేతికాగితం మీద దాని నకలు రాసుకు వచ్చాడు. మినమొతో వంశంలోని ఒక శాఖ ఫుజివరాగా మారిన దృష్టాంతం అందులో ఉంది. ఆ బలంతో ఇయెయాసుకు ఫుజివరాగా పదవి దక్కింది. మినమొతో అన్నది తర్వాత స్థిరపడింది. నొబునాగా 1549 నాటి పత్రంలో ఫుజివరాగా సంతకం చేసి, తర్వాత తైరా అయ్యాడు. హిదెయోషి 1585లో కొనొయె సకిహిసాకు దత్తుడిగా ఫుజివరా పేరుతో కంపకు (చక్రవర్తి ప్రతినిధి) పదవి అందుకుని, వెంటనే తొయొతొమి అనే కొత్త వంశనామాన్నే తెచ్చుకున్నాడు. వీరిలో ఎవరి వంశావళినైనా రక్తసంబంధానికి సాక్ష్యంగా చదవడాన్ని నేను అంగీకరించను. ఆ సంవత్సరంలో వాళ్లకు ఏ హోదా కావాలో తెలియజేసే పత్రంగానే చదువుతాను.

13. నగోయా నివాసి (జపాన్)

ఇప్పుడు ముసాషి. ఆ గ్రంథాన్ని 1643లో కుమమొతో దగ్గరి ఇవతో కొండ మీద మొదలుపెట్టానని ఆయనే రాశాడు. అక్కడి రెయిగాందో గుహలోనే రాశాడని చెబుతారు. నేను ఆ గుహ చూశాను. ఉంగన్జెంజి ఆలయం వెనుక కొండవాలు దారికి పక్కన అర్హతుల (బౌద్ధ సిద్ధపురుషుల) రాతి విగ్రహాలు వరుసగా కూర్చుని ఉంటాయి, చాలావాటికి తలలు విరిగిపోయాయి. గుహ లోతైనది కాదు, ముందు భాగమంతా తెరుచుకుని ఉంటుంది. పుస్తకం ఆరంభంలో తన వయసు అరవై అనీ, హరిమా రాష్ట్రంలో పుట్టిన యోధుడిననీ చెప్పుకున్నాడు.

తీరవాసి గారు ఉదహరించిన పేరులో షిన్మెన్ ఇంటిపేరు. ముసాషి నో కామి అంటే ముసాషి రాష్ట్రాధికారి, కానీ ఆ పదవిని ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. ఆనాటి యోధులు ఇలాంటి బిరుదులను తమంతట తామే తగిలించుకునేవారు. ఫుజివరా వంశం, గెన్షిన్ అసలు పేరు. దత్తపుత్రుడు ఇఓరి 1653లో హరిమాలోని తొమారి ఆలయానికి సమర్పించిన కొయ్యపలకలో, మిమసకాలోని షిన్మెన్ అనే వ్యక్తి సంతానం లేకుండా చనిపోతే ముసాషి ఆ ఇంటికి వారసుడయ్యాడనీ, తర్వాత ఇంటిపేరును మియమొతోగా మార్చుకున్నాడనీ రాయించాడు. మరుసటి సంవత్సరం కొకురాలో ఇఓరే నిలబెట్టిన శిలాఫలకం ఆయనను అకమత్సు వంశజుడంటుంది. అకమత్సులు మినమొతో శాఖ. తండ్రి తనను ఫుజివరా అన్నాడు, కొడుకు మినమొతో శాఖలో కలిపాడు.

మిమసకాలోని మియమొతో గ్రామమే జన్మస్థలమన్న వాదం 1815 నాటి స్థానిక చరిత్రలో కనిపిస్తుంది. 1930లలో పత్రికలో ధారావాహికగా వచ్చిన ఒక నవల దాన్ని దేశమంతా నమ్మేలా చేసింది. ఈ విషయంలో నేను హరిమా పక్షమే.

14. పాతప్రతి (హైదరాబాద్)

నేనూ హరిమా వైపే మొగ్గుతాను. అయితే ఆ గ్రంథానికి ముసాషి స్వహస్తంతో రాసిన ప్రతి దొరకలేదు, మనకున్నవన్నీ శిష్యపరంపరలో వచ్చిన నకళ్లే. అందుకని ఇఓరి కొయ్యపలకకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. ముసాషి మరణించిన ఎనిమిదేళ్లకే, అతన్ని ఎరిగినవారు బతికుండగానే, ఆలయంలో పెట్టిన పలక అది.

పేరు తెలియక విద్యాచరిత్ర తప్పిన ఉదాహరణ ఒకటి చెబుతాను. కగె ర్యూ నుంచి షింకగె ర్యూను రూపొందించిన కమిఇజుమి నొబుత్సునా మొదటి పేరు హిదెత్సునా. ‘నొబు’ అక్షరం యుద్ధప్రభువు తకెదా షింగెన్ అసలు పేరు హరునొబు నుంచి వచ్చిందని ప్రతీతి. అదే మనిషి, క్యోటో కులీనుడు యమషినా తొకిత్సుగు దినచర్యలో ‘ఓగో ముసాషి నో కామి’గా కనిపిస్తాడు. ఇంటిపేరు వేరు, బిరుదు వేరు. ఈ పద్ధతులు తెలియనివారు ఇద్దరు ముగ్గురు గురువులున్నారని లెక్కిస్తారు, లేదా దినచర్యలో ఆయన ప్రస్తావనే లేదని తేల్చేస్తారు.

15. తీరవాసి (విశాఖపట్నం)

అందరికీ కృతజ్ఞతలు. గోడ మీద పటం అలాగే ఉంచుతాను, ఎందుకంటే ధ్యానాన్ని ఆయన పేరుతో గౌరవించడంలో తప్పేమీ లేదు. ఆ పక్కనే ఫుజియాన్ వెళ్లి నేర్చుకున్న ఒకినావా గురువుల పేర్లు, సంవత్సరాలు రాయిస్తాను. చివరిగా ఒక ప్రశ్న: ఇన్ని పొరల పేర్లు ఇప్పటి జపాన్‌లో ఎందుకు లేవు?

16. వంశవృక్షం (గుంటూరు)

1868లో షోగన్ల పాలన పోయాక వచ్చిన మెయిజీ ప్రభుత్వం చట్టంతో తీసివేసింది. 1870లో సామాన్యులకూ ఇంటిపేరు వాడుకునే అనుమతి వచ్చింది. అంతకుముందు కూడా చాలామంది పల్లెవాసులకు ఇంటిపేర్లు ఉండేవి, అధికారికంగా రాసుకునే హక్కే లేదు. 1871లో ప్రభుత్వ పత్రాల్లో వంశనామం, హోదా రాయడం ఆపారు. పిలిచే పేరు, అసలు పేరులలో ఏదో ఒక్కటే ఎంచుకోవాలని 1872లో ఆదేశించారు. 1875లో ఇంటిపేరు అందరికీ తప్పనిసరి అయింది. అందుకే ఆ తరం నాయకుల్లో ఓకుబో తొషిమిచి అసలు పేరుతో, ఇతగాకి తైసుకె పిలిచే పేరుతో చరిత్రలో నిలిచారు. సైగో తకమొరి అసలు పేరు తకనాగా. నమోదు సమయంలో స్నేహితుడు పొరపాటున ఆయన తండ్రి పేరు చెప్పాడనీ, అదే స్థిరపడిందనీ అంటారు.

పాత పద్ధతి పూర్తిగా పోలేదు. సుమో రంగస్థలంలో అత్యున్నత స్థాయి న్యాయనిర్ణేతలు నేటికీ తమ సొంత పేర్లు వదిలి కిమురా షోనొసుకె, షికిమొరి ఇనొసుకె అన్న వారసత్వపు పేర్లు స్వీకరిస్తారు. నడుముకు చిన్న కత్తి ధరించి బరిలో దిగుతారు.